మూడు పికప్పులూ ఒకటేనన్న మనిషి

నేను ఉద్యోగంలో రాసిన అబద్ధాలన్నీ తెలియక రాసినవే. అయినా వాటి కింద సంతకం నాదే. కొత్తగా ఫ్యాక్టరీ ఆసుపత్రుల్లో చేరుతున్న టెక్నీషియన్లు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, ఏ మిషన్ మంచిదనీ, ఏ కోర్సు చేస్తే ప్రమోషన్ వస్తుందనీ అడుగుతుంటారు. వాటికి నా దగ్గర పెద్దగా జవాబుల్లేవు. ఒక గిటారుకు పికప్ మార్చిన సంగతి మాత్రం ఉంది. అది చెబుతాను.

దాచేపల్లి పక్కన ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాను. అక్కడి ఆసుపత్రి పెద్దదేం కాదు. డాక్టరమ్మ గది, కట్లు కట్టే గది, మందుల గది, చివర్న నా గది. కట్లు కట్టడం, బీపీ చూడడం అందరం చేసేవాళ్ళం. చెవుల పరీక్ష మాత్రం నా ఒక్కడిదే. రాళ్ళు పగలగొట్టే క్రషర్‌లో, మిల్లుల్లో, కంప్రెసర్ల దగ్గర పనిచేసే ప్రతి మనిషికీ ఏడాదికొకసారి ఆ పరీక్ష చేసి కాగితం ఫైల్లో పెట్టాలి.

పరీక్ష తేలికే. గోడలకు స్పాంజి అంటించిన చిన్న గదిలో మనిషిని కూర్చోబెడతాం. చెవులకు హెడ్‌ఫోను, చేతికి ఒక స్విచ్చి. మధ్యగోడలో అవతలికి కనపడే అద్దం. ఇవతల మిషన్ ముందు నేను బటన్ నొక్కితే అతని చెవిలో చిన్న మోత వస్తుంది. వినపడితే అతను స్విచ్చి నొక్కాలి. నా దగ్గర దీపం వెలుగుతుంది. మోత తగ్గించుకుంటూ పోయి, దీపం వెలగడం ఎక్కడ ఆగిందో అక్కడ కాగితం మీద గుర్తు పెట్టాలి. ముందు డప్పులాంటి లావు మోతలు, తర్వాత విజిల్ లాంటి సన్నవి. ఫ్యాక్టరీ చప్పుడు మొదట తినేది ఆ సన్న మోతలు వినే శక్తినే. మనిషికి ఆ సంగతి తెలియదు. ఎదుటివాళ్ళ మాటలు వినపడుతూనే ఉంటాయి కాబట్టి చెవి బాగుందనే అనుకుంటాడు.

నాకు వేగంగా చేస్తాననే పేరుండేది. ఏటా గడువు కంటే ముందే అందరి పరీక్షలూ అయిపోయేవి. ఆడిట్‌కు వచ్చినవాళ్ళు నా ఫైళ్ళు తిరగేసి, చేతిరాత బాగుందని మెచ్చుకునేవాళ్ళు. క్రషర్ దగ్గర అంతమంది పనిచేస్తుంటే, చెవి చెడినవాళ్ళు ఒకరో ఇద్దరో తప్ప లేకపోవడం ఎవరికీ వింతగా తోచలేదు. నాకూ తోచలేదు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయని సేఫ్టీ వాళ్ళు గేటు దగ్గర ఒక బోర్డు కూడా రాయించారు.

క్రషర్లో పనిచేసే ఒక ఆపరేటర్‌కు అప్పుడు నలభై దాటి ఉంటాయి. నకరికల్లు వైపు మనిషి. పెళ్ళి కాకముందు నుంచీ గిటారు పిచ్చి. పెళ్ళిళ్ళలో పాడే ఒక ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. ఫ్యాక్టరీలో మొదట కాంట్రాక్టరు కింద చేరి, తర్వాత పర్మనెంటయ్యాడు. షిఫ్టులతో వాయింపు మూలపడింది. చాలా ఏళ్ళ తర్వాత ఆ ఆర్కెస్ట్రా వాళ్ళే మళ్ళీ పిలిస్తే, సంచి లోంచి గిటారు తీసి దుమ్ము దులిపాడు. మోగిస్తే దాని గొంతు మారిపోయి ఉంది.

బీపీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు నాతో అన్నాడు. "దుప్పటి కప్పినట్టుంది సార్. ఇదివరకు తీగె ముట్టుకుంటే చాలు, స్టీలు గ్లాసు కింద పడ్డట్టు ఖంగుమనేది. ఇప్పుడు చానా బొంగురు. పికప్పు చచ్చిపోయింది."

పికప్ అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ఎలక్ట్రిక్ గిటారులో తీగెల కింద అగ్గిపెట్టె కంటే కొంచెం పొడవైన పెట్టె ఒకటి ఉంటుంది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ. తీగె కదిలితే అందులో కరెంటు పుట్టి, అదే ఆంప్లిఫయర్‌లోకి వెళ్ళి మోతగా వస్తుంది. అతని గిటారులో ఉన్నది రెండు చుట్టలు పక్కపక్కనే ఉండే రకం. ట్యూబులైట్ల నుంచీ మోటార్ల నుంచీ వచ్చే కరెంటు గురగుర ఆ రెండు చుట్టల్లో ఎదురెదురుగా పుట్టి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. తీగె మోత మాత్రం రెండూ కలిసి పెరుగుతుంది. దాన్ని హంబకర్ అంటారు.

బెంగుళూరులో ఇంట్లోనే కూర్చుని చేత్తో ఇలాంటివి చుట్టే ఒకాయన నంబరు సంపాదించి, అతను కొత్త హంబకర్ తెప్పించుకున్నాడు. దాన్ని బిగించింది మా ఎలక్ట్రికల్ సెక్షన్‌లో కాలిపోయిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టే వైండింగ్ మేస్త్రి. నా ఈడువాడే. చేతులు లావుగా ఉన్నా సన్నపని నాజూకుగా చేస్తాడు. బిగించి మోగిస్తే మళ్ళీ దుప్పటే. ఆపరేటర్ బెంగుళూరాయనకు ఫోన్ చేసి కేకలేశాడు. పాపం ఆయన పోట్లాడకుండా, ఇంకొకటి చుట్టి పంపించాడు. అదీ అంతే.

ఒక శనివారం మేస్త్రి నా గదికి వచ్చాడు.

"ఏమయ్యా, రేపు మధ్యాహ్నం నీ గది కావాల."

"దేనికి?"

"ఆడి గిటారుకి. ఆ బెంగుళూరాయన్ని బండబూతులు తిట్టాడంట. మీటరెట్టి చూశా. చుట్టల్లో తేడా లేదు, టంకాలు బాగున్నయ్, నాబ్ బాగుంది. మరి ఏంది? ఆడి క్వార్టర్లో ఇనాలంటే ఒకపక్క కన్వేయరు బెల్టు మోత, ఒకపక్క పిల్లకాయలు. ఈ ఫ్యాక్టరీ మొత్తం మీద చప్పుడు లేని చోటు నీ గది ఒక్కటే."

నాకూ కుతూహలంగానే ఉంది. సరేనన్నాను.

ఆదివారం భోజనాలయ్యాక ఇద్దరూ మోటారు సైకిల్ మీద వచ్చారు. వెనక కూర్చున్న ఆపరేటర్ ఒళ్ళో చిన్న ఆంప్లిఫయర్, భుజాన గిటారు. ఫ్యాను చప్పుడు కూడా వద్దని ఆపేశాం. పాత పికప్, మొదట వచ్చిన కొత్తది, తర్వాత వచ్చిన కొత్తది, మూడింటికీ మేస్త్రి తీగలు పొడిగించి, మాటిమాటికీ టంకం పెట్టే పని లేకుండా స్క్రూ కనెక్టర్లు పెట్టుకొచ్చాడు. అయినా ప్రతిసారీ గిటారు తీగెలు వదులు చేయాలి, ఒకటి తీసి ఇంకొకటి బిగించాలి, మళ్ళీ శ్రుతి చేయాలి. ఒక్కో మార్పుకి పావుగంట పట్టేది. ముగ్గురికీ చొక్కాలు తడిసిపోయాయి.

ముందు ఆపరేటరే మూడింటి మీదా ఒకే ముక్క వాయించాడు. నేను చెవుల పరీక్ష ఫారం వెనక మూడు గడులు గీసి, నాకు తోచింది రాస్తూ పోయాను. సంగీతం నాకు రాదు. చెవులు మాత్రం, ఉద్యోగం అదే కాబట్టి, జాగ్రత్తగా కాపాడుకున్నాను. పాత పికప్ కాస్త గట్టిగా మోగింది, కానీ ఆరు తీగెలూ ఒక్కసారి మీటితే లావు తీగెలు ముద్దయిపోయాయి. కొత్తదాంట్లో ఏ తీగెకా తీగె విడిగా వినపడింది. ట్యూబులైటు కిందికి తీసుకెళ్ళినా గురగుర లేదు. రెండో కొత్తది దాని తోబుట్టువే. మొత్తం మీద దుప్పటి సంగతి నాకు ఎక్కడా కనిపించలేదు. మూడూ ఖంగుమంటూనే ఉన్నాయి. పాతది కూడా.

"ఇది మంచి సరుకేనయ్యా," అన్నాను.

"మీరు ఇదివరకు ఇన్లేదు సార్. నాకు తెలుసు గదా అది ఎట్టా మోగేదో," అన్నాడు అతను.

మేస్త్రికి విసుగొచ్చింది. "ఒరేయ్, నువ్వు చేత్తో వాయిస్తా, కంటితో చూస్తా, మనసులో ముందే అనుకుంటన్నావ్. గోడ వైపు తిరిగి కూచో. నేను మీటతా. ఏది ఏదో చెప్పు."

అతను నా స్టూలు మీద గోడకు ముఖం పెట్టి కూర్చున్నాడు. మేస్త్రికి వాయించడం రాదు, ఊరికే ఆరు తీగెలూ పైనుంచి కిందికి మీటాడు. పాతది. కొత్తది. రెండోది. మళ్ళీ పాతది.

"మూడూ ఒకటే," అన్నాడు గోడవైపు నుంచే. "మూడిటికీ దుప్పటే."

అప్పుడు మేస్త్రి నా వైపు చూసి, వేలు నోటి మీద పెట్టుకుని, గిటారు మీద టోన్ నాబ్‌ను సగానికి తిప్పాడు. సన్న మోతలను కోసేసే నాబ్ అది. మీటగానే నాకు తేడా తెలిసిపోయింది. ఖంగుమనే మోత పోయి, గోనెసంచి మీద కొట్టినట్టు వచ్చింది. ఇక అతను కోప్పడతాడని ఎదురుచూశాను.

"ఇదీ ఇందాకటిదే," అన్నాడు.

మేస్త్రి నాబ్‌ను మొత్తం పెంచి మీటాడు. మళ్ళీ సగానికి తగ్గించి మీటాడు.

"సరిగ్గా ఇన్రా."

"ఇంటన్నా బాబాయ్. ఏం మార్చావ్? ఏం మార్లా."

మేస్త్రి గిటారును మెల్లగా బల్ల మీద పెట్టాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అతను వెనక్కి తిరిగి, "ఏంది?" అన్నాడు.

"ఒకసారి లోపలికెళ్ళి కూర్చో," అన్నాను స్పాంజి గది చూపించి.

"మొన్న మార్చిలో చేశారుగా సార్. నార్మల్ అని రాశారుగా."

"మిషన్ ఎలాగూ ఇక్కడే ఉంది. కూర్చో."

లోపల కుర్చీ అద్దం వైపు తిరిగి ఉంటుంది. అతను అలాగే కూర్చోబోయాడు. పికప్పులప్పుడు గోడవైపు కూర్చున్నాడు కాబట్టి ఇప్పుడూ అలాగే తిరిగి కూర్చోమన్నాను. అందులో నా తెలివేమీ లేదు, అప్పటిదాకా చేసినదాన్నే కొనసాగించాను. కుర్చీ తిప్పమనగానే అతని ముఖంలో ఏదో మారింది.

"అద్దం వైపే కూచుంటా సార్. అలవాటయింది."

"తిరుగు."

తిరిగాడు. లావు మోతలకు దీపం వెలిగింది. మధ్యవాటికీ వెలిగింది. సన్నవి మొదలుపెట్టాను. దీపం లేదు. మోత పెంచాను. లేదు. ఇంకా పెంచాను. మామూలు చెవి అయితే ఉలిక్కిపడేంత గట్టిగా పెంచాక ఒకసారి వెలిగింది, అదీ తడబడుతూ. రెండో చెవి దానికంటే కొంచెం నయం. కాగితం మీద గీత అంతదాకా చదునుగా వచ్చి, అక్కడి నుంచి గోతిలోకి దిగినట్టు దిగింది. ఫైలు తీసి మార్చి నెల కాగితం పక్కన పెట్టి చూశాను. అందులో గీత మొదటి నుంచి చివరిదాకా చదునే. కింద నా సంతకం.

అతను బయటికొచ్చి రెండు కాగితాలూ చూశాడు. అలాంటి కాగితం చదవడం రాకపోయినా గీతల్లో తేడా తెలుస్తుంది.

"మార్చిలో దీపం వెలిగింది కదయ్యా," అన్నాను. "వినపడకుండా ఎలా నొక్కావు?"

అతను నేల చూస్తూ చెప్పాడు. "మీరు బటన్ నొక్కేటప్పుడు భుజం కదుల్తది సార్. అద్దంలోంచి కనపడద్ది. భుజం కదిలితే నొక్కుతాం."

"నొక్కుతాం అంటే?"

"క్రషర్లో అందరికీ తెలుసు సార్. కొత్తగా వచ్చినోళ్ళకి ముందు అదే చెప్తాం. కాంట్రాక్టులో ఉన్నప్పుడు చెవి బాలేదని రాస్తే రేపట్నించి రావొద్దంటారని భయం. పర్మనెంటయినాక కూడా ఆ అలవాటు పోలా. నాకు ఇనపడట్లేదని నాకే తెలవదు సార్, ఒట్టు. కొన్ని ఇనపడేయి, కొన్నిటికి భుజం చూసేవాణ్ణి. ఏది ఎంతో ఎప్పుడూ లెక్కబెట్టలా."

మేస్త్రి కనెక్టర్ల స్క్రూలు విప్పుతూ అడిగాడు. "ఇంట్లో ఎప్పుడూ అనలేదంట్రా?"

"టీవీ సౌండు ఎక్కువ పెడతన్నానని మా ఆవిడ గోల. కుక్కర్ విజిల్ ఇనపడలా అంటే అబద్ధం ఆడతన్నానంటది."

తర్వాత అతను నా చేతిలోని కాగితం పట్టుకున్నాడు. లాక్కోలేదు, ఊరికే అంచు పట్టుకున్నాడు.

"సార్, ఇది ఎక్కించమాకండి. క్రషర్ నుంచి తీసేస్తే ఆ అలవెన్సు పోద్ది, ఓటీ పోద్ది. చెవి ఎట్టాగూ రాదు గదా."

నేను చూద్దాం అన్నాను. ఉద్యోగంలో ఆ మాట ఎన్నోసార్లు వాడాను గానీ, నా కోసమే వాడుకున్నది ఆ రోజే. అతని కాగితం ఎక్కిస్తే, మార్చి నెల కాగితం తప్పని తేలుతుంది. ఆ ఒక్కటి తప్పయితే మిగతావన్నీ ఏమిటని అడుగుతారు. అతను తన అలవెన్సు గురించి భయపడుతున్నాడు. నేను నా ఫైళ్ళ గురించి. ఇద్దరి అవసరం ఒకటే కాబట్టి కాగితం సొరుగులో పెట్టడం తేలికైంది. రెండు రోజులు అక్కడే ఉంది.

నేను చేరిన కొత్తలో డాక్టరమ్మ ఒకసారి నా గదిలోకి వచ్చి, "కుర్చీ పక్కకు తిప్పండి, పరీక్ష చేయించుకునేవాళ్ళకు మీ చేయి కనపడకూడదు," అని చెప్పింది. చేయి కనపడకుండా మిషన్ ముందు ఒక అట్ట అడ్డం పెట్టాను. కుర్చీ తిప్పితే వాళ్ళ ముఖాలు నాకు కనపడవు, నిద్రపోతున్నారో లేదో తెలియదు, పని నెమ్మదిస్తుంది. అట్ట చాలనుకున్నాను. భుజం సంగతి నాకు తట్టలేదు. మీలో ఎవరైనా ఈ పనిలో ఉంటే, మిషన్ కొలతలు సరిగా ఉన్నాయో లేదో చూసుకున్నట్టే కుర్చీ ఎటు తిరిగి ఉందో కూడా చూసుకోండి. ఈ కథలో పనికొచ్చే సాంకేతిక విషయం ఇదొక్కటే.

మంగళవారం క్రషర్ నుంచి ఒక బ్యాచి వచ్చింది. ఐదుగురు. ఆలోచించకుండా లోపలికి వెళ్ళి కుర్చీని గోడవైపు తిప్పాను. మొదటివాడు అది చూసి గుమ్మం దగ్గరే ఆగి, "ఇదేంది సార్, ఇట్టా పెట్టారు?" అన్నాడు. ఐదుగురిలో ముగ్గురికి సన్న మోతల దగ్గర దీపం వెలగలేదు. ఆ ముగ్గురిలో చివరివాడికి ఇరవై ఆరేళ్ళు. ఏడాది క్రితమే చేరాడు.

ఆ మూడు కాగితాలతో పాటు సొరుగులోదీ తీసుకుని డాక్టరమ్మ గదికి వెళ్ళాను. ఆమె నాలుగూ చూసి, పాతవి తెప్పించి చూసి, కళ్ళజోడు తీసింది.

"ఎన్నేళ్ళ నుంచి ఇలా?"

"తెలియదు మేడమ్."

"సుమారుగా?"

"సుమారుగా కూడా తెలియదు. ఎవరివి నిజమో, ఎవరివి కావో ఇప్పుడు చెప్పలేను."

"అదే రాసివ్వండి," అంది. "నేను కూడా సంతకం పెట్టినదాన్నే. నాదీ రాస్తాను."

రాసిచ్చాను. నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది, ఆర్నెల్లు కట్లు కట్టే గదిలో ఉంచారు. బయటి నుంచి వచ్చిన ఒక అమ్మాయి అందరికీ మళ్ళీ పరీక్షలు చేసింది. నెమ్మదిగా చేసింది. చెవి చెడినవాళ్ళు ఎంతమంది తేలారో ఇక్కడ చెప్పను. గేటు దగ్గర బోర్డు మాత్రం తీసేశారు. క్రషర్‌కు ఆపరేటర్ కూర్చోవడానికి అద్దాల క్యాబిన్ కట్టారు. అది కొన్నేళ్ళ ముందే కట్టాల్సింది. అడగడానికి కాగితం మీద ఆధారం లేకుండా చేసింది నేనే.

గిటారు ఆపరేటర్‌ను కాటా దగ్గరికి మార్చారు. లారీలు తూచే చోటు, చప్పుడు తక్కువ, జీతమూ తక్కువే. అతను నాతో మాట్లాడడం మానేశాడు. ఆసుపత్రికి వస్తే మందుల గది దగ్గరే ఆగి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయేవాడు. నేనూ కదిలించలేదు. అతని కబుర్లు మేస్త్రి చెప్పేవాడు.

"బెంగుళూరాయనకి ఫోన్ చేశాడయ్యా," అన్నాడొకసారి. "నీ పికప్పులు రెండూ బాగున్నయ్, చెడింది నా చెవులు, ఆ రోజు అన్న మాటలు మనసులో పెట్టుకోమాక అన్నాడంట. రెండోది తిప్పి పంపిచ్చాడు. ఆయన ఏమన్నాడో తెలుసా? నాకూ ఒక చెవి సరిగా ఇనపడదు, మా అబ్బాయి ఇని చెప్తాడు అన్నాడంట."

"గిటారు వాయిస్తున్నాడా?"

"మానేశాడు. మళ్ళా మొదలెట్టాడు. మళ్ళా మానేశాడు."

తర్వాతి వేసవిలో మేస్త్రి కూతురి పెళ్ళి పిడుగురాళ్ళలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. పగటి ముహూర్తం. నేను వెళ్ళేసరికి ఆర్కెస్ట్రా వాళ్ళు మైకులు సరిచేసుకుంటున్నారు. స్టేజీ మీద ఒక పక్క ఆపరేటర్ గిటారు తగిలించుకుని నిలబడి ఉన్నాడు. తీగెల కింద ఆ కొత్త పికప్ మెరుస్తోంది. ఆంప్లిఫయర్ దగ్గర పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఒకామె వంగి నాబ్ తిప్పుతోంది. అతని భార్య. సంగీతం ఆమెకూ రాదు. అతను ఒక ముక్క వాయించి ఆమె వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపి ఇంకొంచెం తిప్పింది. మళ్ళీ వాయించాడు.

"ఇక్కడ చాల్లే," అంది ఆమె. "ఇంకా పెంచితే గుచ్చుద్ది."

"సరిగ్గా ఇను."

"ఇంటన్నాలే. నువ్వు వాయించు."

అప్పుడే అతను నన్ను చూశాడు. ఏడాదికి పైగా మాటల్లేవు. నేను పక్కకు తప్పుకుందామనుకునేలోపే మళ్ళీ ఆరు తీగెలూ మీటి, "ఎట్టుంది సౌండు?" అని అడిగాడు. హాలంతా ఖంగుమంది. ఏ తీగెకా తీగె.

"చాలా బాగుంది," అన్నాను.

"మిమ్మల్ని కాదు సార్ అడిగింది," అన్నాడు. "మీరు అందరికీ నార్మల్ అనే రాస్తారు."

పక్కన డ్రమ్స్ అతను పెద్దగా నవ్వాడు. ఆపరేటర్ నవ్వలేదు, కోపంగానూ లేడు. భార్య వైపు తిరిగి ఆమె తల ఊపేదాకా ఆగాడు. తర్వాత నాతో, "భోజనానికి తొందరేం లేదు, ముందు వరసలో కూచోండి సార్," అన్నాడు. వెళ్ళి కూర్చున్నాను.